దిద్దిన అక్షరం

(ఒంగోలులో ఫ్లెక్సీ, డీటీపీ పనివాళ్లు, బడి ఉపాధ్యాయులు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

నా ముందు బల్ల మీద ఒక పలక ఉంది. మార్కాపురం పలక. చుట్టూ చెక్క చట్రం, మధ్యలో నల్లరాయి. ఒకప్పుడు దేశంలో ఎన్నో బళ్లకు ఈ రాయి మన మార్కాపురం నుంచే వెళ్లింది. ఇక్కడున్న వాళ్లలో నలభై దాటిన ప్రతి ఒక్కరూ దీని మీదే అక్షరాలు నేర్చుకుని ఉంటారు.

ఎట్టా నేర్చుకున్నామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పంతులుగారు పలక మీద పెద్దగా 'అ' రాసిచ్చేవారు. దాని మీద దిద్దమనేవారు. దిద్దేవాళ్లం. ఒకసారి దిద్దితే గీత కాస్త మందమవుతుంది. పదిసార్లు దిద్దితే వేలంత అవుతుంది. చిన్నపిల్లల చెయ్యి కదా, గీత మీద గీత సరిగ్గా పడదు, ఒకసారి ఇటు జరుగుతుంది, ఒకసారి అటు. బలపం కూడా అరిగి మొద్దుబారి ఉంటుంది. బడి వదిలే వేళకు ఆ 'అ' బుగ్గలు ఉబ్బి, బొద్దుగా, పలకంతా తనదే అన్నట్టు కూర్చునేది. ఇక లోపలి ఖాళీ పూడిపోతుందనగా పంతులుగారు తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ కొత్తగా రాసిచ్చేవారు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ బొద్దు అక్షరం గురించే. ఇప్పుడది ఫాంటుగా కంప్యూటర్‌లో దొరుకుతోంది. పిల్లల పుస్తకం అట్ట మీద, మిఠాయి డబ్బా మీద, యూట్యూబ్ వీడియో ముందు బొమ్మ మీద, అంగన్‌వాడీ గోడ మీద మీరు రోజూ చూస్తున్నారు, మీలో చాలామంది రోజూ వాడుతున్నారు కూడా. చాలామంది దీన్ని బయటి నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకుంటారు. నా నమ్మకం వేరు. బొద్దు అక్షరం మనకు పలక మీదే పరిచయం. దాన్ని ఎక్కడ ఆపాలో కూడా ఆ పలక దగ్గరే మనకు చెప్పారు. లోపలి ఖాళీ పూడిపోయే ముందు ఆపాలి. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక విషయం. ఫాంట్లలో రెండు జాతులు ఉంటాయి. ఒకటి చదివించేది. పేజీల కొద్దీ చదువుతాం, అక్షరం ఎలా ఉందో మనకు తెలియదు, తెలియకూడదు కూడా. రెండోది పిలిచేది. దాన్నే డిస్‌ప్లే ఫాంట్ అంటారు. కథంతా దానితో రాయరు, కథ పేరు మాత్రం రాస్తారు. ఒకటి రెండు మాటలు, మహా అయితే ఒక వాక్యం. వీధి చివర నుంచి మనిషిని పేరు పెట్టి పిలిచినట్టు ఉండాలి. పిలిచే గొంతుకు ఒక స్వభావం ఉంటుంది కదా, అలాగే ఈ అక్షరానికీ ఉంటుంది. అధికారంగా పిలిచేవి ఉన్నాయి, ముద్దుగా పిలిచేవి ఉన్నాయి. బొద్దు అక్షరం ముద్దుగా పిలుస్తుంది.

ఇంగ్లీషు అచ్చులో ఈ లావు అక్షరాల కథ పాతదే. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో గోడల మీద ప్రకటనలు పెరిగిన కొద్దీ అక్షరాలు లావెక్కాయి. 1922లో అమెరికాలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ వచ్చింది. కొసలన్నీ గుండ్రంగా, మెత్తటి దిండులా ఉండే అక్షరం. వందేళ్లు దాటినా ఇప్పటికీ కొత్త దుకాణాల బోర్డుల మీదికి ఎక్కుతూనే ఉంది. దాని గురించి ఇంతకంటే చెప్పను. మన పని తెలుగుతో.

తెలుగులో ఈ స్వభావానికి మంచి ఉదాహరణగా నేను 'బాలూ తమ్ముడు' ఫాంటును చూపిస్తాను. దాదాపు పదేళ్ల క్రితం ముంబైకి చెందిన ఏక్ టైప్ అనే బృందం తయారుచేసింది. భాలూ అంటే హిందీలో ఎలుగుబంటి. ఆ పేరుకు తగ్గట్టే ఒళ్లంతా గుండ్రటి బరువు, కొసల దగ్గర మాత్రం గోళ్లలాగా కాస్త పదును. ఒక్క లిపికి కాదు, మన దేశంలోని ఎన్నో లిపులకు ఇదే స్వభావంతో అక్షరాలు గీశారు. దేవనాగరి తప్ప మిగతా ఒక్కో లిపి ఫాంటుకు ఆ భాషలో అన్నదమ్ములను పిలిచే మాటే పేరు. గుజరాతీకి భాయి, పంజాబీకి పాజీ, బెంగాలీకి దా, ఒడియాకు భాయినా, ఉర్దూకు భాయిజాన్, మలయాళానికి చేట్టన్. కన్నడానికి తమ్మ, తమిళానికి తంబి, మనకు తమ్ముడు.

ఈ పేర్లు నాకు చాలా ఇష్టం. నెల్లూరు దాటి మద్రాసు వైపు రైల్లో వెళ్లేవాళ్లకు తెలుసు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ వరకు తమ్ముడే. గుమ్మిడిపూండి చేరేసరికి తంబి అవుతాడు. మనిషి అదే, మాట అదే, నాలుక కాస్త తిరుగుతుంది. ఆ ఫాంట్లలోనూ అంతే. తమిళ అక్షరం, తెలుగు అక్షరం పక్కపక్కన పెడితే ఒకదాని నకలు ఇంకొకటి కాదు. తమిళంలో నిలువు గీతలు, అడ్డ గీతలు ఎక్కువ, మనకు వంపులు ఎక్కువ. అయినా ఒక తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి. రెండు భాషల బోర్డులు పక్కపక్కన పెట్టుకునే సరిహద్దు ఊళ్లలో ఇది ఎంత పనికొస్తుందో చెప్పక్కర్లేదు.

పైగా తమ్ముడు అన్న పేరులోనే దాని వాడకం ఉంది. పండగకు, పుట్టినరోజుకు, తిరునాళ్లకు తమ్ముడు ముందుంటాడు. పొలం రిజిస్ట్రేషన్ దగ్గర మాట్లాడాల్సి వస్తే పెద్దన్న మాట్లాడతాడు. ఇంట్లో ఇద్దరూ కావాలి.

తమ్ముడు ఒక్కడే కాదు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో రామభద్ర ఉంది. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. అదీ లావైనదే, శీర్షికలకే. కానీ దాని పక్కన బాలూ తమ్ముణ్ణి పెట్టి చూడండి. లావు అన్నది ఒక గుణం, ఆట అన్నది ఇంకో గుణం అని కంటికే తెలుస్తుంది. బాపు గారి చేతిరాత ఇంకో ఉదాహరణ. అందులో ఆట బోలెడంత ఉంది, లావు లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగు అక్షరాన్ని లావు చేయడం ఎలా?

మన లిపి పుట్టుక చూడండి. తాటాకు మీద గంటంతో గీరిన అక్షరం. గంటం కొస సన్నగా ఉంటుంది, ఎటు తిప్పినా గీత మందం ఒకటే. రాతి మీదా అంతే. తొమ్మిదో శతాబ్దపు పండరంగని అద్దంకి శాసనం మన ప్రాంతానిదే. తరువోజ పద్యం ఉన్న శాసనం. రాతి మీద ఉలితో చెక్కిన గీతకూ అన్ని వైపులా ఇంచుమించు ఒకే మందం. గీతలో లావూ సన్నం తేడాలు కత్తిరించిన నిబ్బుతో వచ్చాయి, అచ్చు దిమ్మెలతో స్థిరపడ్డాయి. ఇంగ్లీషు అక్షరానికి ఆ తేడా పుట్టుకతోనే ఉంది, ఎందుకంటే దాని వెనక వెడల్పు పాళీ ఉంది. మనకు లేదు. అందుకే అంతటా ఒకే మందంతో, కొసలు గుండ్రంగా ఉండే బొద్దు గీత తెలుగు అక్షరం మీద అతికించినట్టు ఉండదు. అరిగిన బలపంతో రాసినట్టు ఉంటుంది. ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి జారినట్టు ఉంటుంది. మెలికల ముగ్గులో చుక్కల చుట్టూ తిరిగే గీతను, 'ఇ' అక్షరాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. ముగ్గులో ఎన్ని మెలికలైనా వెయ్యొచ్చు, వాకిలి పెద్దది. అక్షరానికి ఇచ్చే చోటు చిన్నది. తెలుగులో కొన్ని అక్షరాలకు లోపల బోలెడంత జాగా ఉంటుంది. ర ఉంది, ఒక్క గుండ్రం. గ ఉంది, కిందంతా తెరిచిన గుమ్మం. సున్నా సరేసరి. వీటిని ఎంత లావు చేసినా హాయిగా ఉంటాయి. 'రంగు' అన్న మాట లావుగా రాస్తే పండులా ఉంటుంది. 'ఋణం' రాయండి. ఋలో ఎన్ని మలుపులు, ణలో ఎన్ని మలుపులు! గీత లావెక్కిన కొద్దీ లోపలి తెలుపు ఒక్కొక్కటే మూసుకుపోతుంది. ఝ, ఘ, ఈ, క్ష కూడా ఇదే బాపతు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు లావు చేయడమంటే గీతకు రెండు వైపులా రంగు పోయడం అనుకుంటారు. కంప్యూటర్‌లో బోల్డ్ బటన్ నొక్కితే, ఆ ఫాంటుకు విడిగా బోల్డ్ లేకపోతే, చాలాసార్లు జరిగేది అదే. మంచి ఫాంటు గీసినవాళ్లు అలా చేయరు. ముందు లోపలి తెలుపు ఎంత కావాలో నిర్ణయించుకుంటారు, దాని చుట్టూ నలుపు కడతారు. అక్షరాన్ని అవసరమైనంత వెడల్పు చేస్తారు. ఝలో గీతను రలో గీత కంటే కాస్త సన్నం చేస్తారు. కొలిస్తే తేడా తెలుస్తుంది, చూస్తే తెలియదు. రెండూ ఒకే బరువున్నట్టు కంటికి అనిపిస్తాయి. మలుపు దగ్గర గీత గీతను కలిసే చోట నలుపు ముద్ద కట్టకుండా లోపలి నుంచి చిన్న నొక్కు ఇస్తారు.

దీనికి మన ఊరి పోలికే ఉంది. ఒంగోలు గిత్తను చూడండి. ఎంత బరువు! అయినా మొద్దుగా ఉండదు. మూపురం దగ్గర బరువంతా పైకి లేస్తుంది, మెడ కింద గంగడోలు మడతలు పడుతుంది, కాళ్లు మాత్రం తీరుగా, గట్టిగా దిగుతాయి. బరువు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ఎంత లావున్నా అది అడుగు వేయగలదని మనకు చూడగానే తెలుస్తుంది. లావు అక్షరానికి కావాల్సింది ఆ తీరు.

తెలుగులో ఇంకో కష్టం ఉంది, ఇంగ్లీషు ఫాంటు గీసేవాళ్లకు లేనిది. మన దగ్గర ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య తేడా చాలాసార్లు చిటికెడు గీతలో ఉంటుంది. పకు కింద చిన్న నిలువు గీత పెడితే ఫ. దకు పెడితే ధ. ధ లోపల చుక్క పెడితే థ. ఆ చిన్న గీత లావు ఒంటికి అతుక్కుపోతే 'ఫలం' కాస్తా 'పలం' అవుతుంది, 'భోజనం' 'బోజనం' అవుతుంది. మ, వు తేడా చూడండి. వకు కొమ్ము పక్కన తగిలిస్తే మ అనుకునే ప్రమాదం ఉంది. ప, ఫ, వ మూడింటికీ కొమ్మును కింది నుంచి తెచ్చి పెడతాం. 'పువ్వు' అని రాసి చూడండి. కొమ్ములు కింది నుంచి రావాలి, రెండో అక్షరం కింద వకారం వత్తు కూడా పట్టాలి. సన్నటి అక్షరంలో ఇదంతా సులువే. బొద్దు అక్షరంలో ఆ కింది చోటులో ముగ్గురు కూర్చోవాల్సిన బెంచీ మీద ఐదుగురు కూర్చున్నట్టు ఉంటుంది. ఏ బొద్దు ఫాంటైనా మంచిదో కాదో తేల్చుకోవాలంటే నేను ముందు టైపు చేసే మాటలు నాలుగు: పువ్వు, కథ, మీఠా, స్త్రీ. 'మీఠా'లో మీ ఉంది. గుడికి, గుడిదీర్ఘానికి తేడా అంతా ఆ చిన్న తోకలో ఉంటుంది. ఠలో చుక్క ఉంది. 'స్త్రీ'లో పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, క్రావడి అన్నీ ఉన్నాయి. ఈ నాలుగూ దూరం నుంచి తడబడకుండా చదవగలిగితే ఆ ఫాంటును నమ్మొచ్చు.

'కథ' ఎందుకు పెట్టానో చెప్పాలి. ఇది నాకు జరిగినది.

నేను చాలా ఏళ్లు కుంచె పట్టాను. కర్నూలు రోడ్డు వెంట, సంతపేటలో, చుట్టుపక్కల ఊళ్లలో గోడలు రాశాను. సుద్ద రాసిన దారం లాగి కొట్టి, పైగీత, కిందిగీత వేసుకుని, ఎనామిల్ పెయింటుతో రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక నేనూ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక వేసవిలో పిల్లల కథల శిబిరానికి బ్యానర్ చేయమన్నారు. లావు ఫాంటు పెట్టాను. దాని చుట్టూ అవుట్‌లైన్ పెట్టాను. అది చాలదన్నట్టు ఇంకోటి. రంగులు మెరిశాయి, చూడ్డానికి పండగలా ఉంది. బ్యానర్ కట్టిన రోజు ఒక తెలుగు మాస్టారు వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "థలో చుక్క ఏదయ్యా? పిల్లలు రేపటి నుంచి కధ అని రాస్తారు," అన్నారు. చూశాను. అవుట్‌లైన్ లోపలికి కమ్ముకుని చుక్కను మింగేసింది. ఆ బ్యానర్ పది అడుగులది. పిల్లలు అక్షరం చూసి నేర్చుకునే చోట పది అడుగుల తప్పు కట్టాను. ఆ రాత్రే మళ్లీ ప్రింట్ తీయించి మార్చాను. ఆయన మాట ఈ రోజుకీ నా చెవిలో ఉంది.

ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. అవుట్‌లైన్ పెట్టేటప్పుడు 'అవుట్‌సైడ్' అన్నది ఎంచుకుంటాం, అక్షరం చెడదు అనుకుంటాం. కానీ కంప్యూటర్ లెక్కలో అక్షరం లోపలి ఖాళీ కూడా బయటే. గీత అక్కడికీ వచ్చేస్తుంది. కాబట్టి లావు ఫాంటుకు అవుట్‌లైన్ పెట్టక తప్పకపోతే, ఒక్కటే పెట్టండి. అక్షరం రంగుకు పూర్తిగా విరుద్ధమైన రంగులో పెట్టండి. ఎర్ర అక్షరానికి తెల్ల గీతైతే లోపలి ఖాళీ తెల్లగా నిండినా ఖాళీలాగే కనబడుతుంది. ఎర్ర అక్షరానికి నల్ల గీత పెడితే అక్కడ ఒక మచ్చ మిగులుతుంది. నీడ పెడితే అవుట్‌లైన్ వదిలేయండి. నిజానికి బొద్దు అక్షరానికి ఇవేవీ అక్కర్లేదు. ఒక్క రంగులో, చుట్టూ చోటు వదిలి పెడితే చాలు, అది తన ఒంటితోనే నిలబడుతుంది.

వెనక నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా... లావుగా ఉంటే దూరం నుంచి బాగా కనబడుతుంది కదా, అందుకని అన్ని బోర్డులకూ ఇదే వాడొచ్చు కదా అని అడుగుతోంది.

మంచి ప్రశ్న తల్లీ. కనబడటం వేరు, చదవగలగడం వేరు. దూరం నుంచి లావు అక్షరం ముందు మచ్చలా కనబడుతుంది. ఏదో రాసి ఉందని తెలుస్తుంది. ఏం రాసి ఉందో తెలియాలంటే లోపలి తెలుపు కనబడాలి. బోర్డులు రాసేవాళ్లకు ఒక పాత లెక్క ఉంది, 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం. 100 అడుగుల నుంచి చదవాలంటే 10 అంగుళాలు. ఇది ఇంగ్లీషు పెద్దక్షరాలను చూసి కట్టిన లెక్క. తెలుగుకు నేను వత్తులూ గుడులూ వదిలేసి, నడుమ ఒంటి ఎత్తునే కొలుస్తాను. బొద్దు ఫాంటైతే ఆ కొలతకు ఇంకో సగం కలుపుతాను. అంటే 100 అడుగులకు 15 అంగుళాల ఒళ్లు. అంత చోటు లేదంటారా, అప్పుడు బొద్దు ఫాంటు మానేసి కాస్త సన్నటిది తీసుకుంటాను. ఇది పుస్తకంలో లెక్క కాదు, గోడల మీద రాసి, రోడ్డుకు అవతల నిలబడి చూసి నాకు నేను కట్టుకున్నది.

ఇక రెండో సంగతి, లావు వేరు, ఆట వేరు అన్నాను కదా. కొత్తపట్నం తీరంలో అలలు లాగేస్తాయి, జాగ్రత్త అని ఒక బోర్డు రాయాల్సి వచ్చింది. లావు అక్షరమే కావాలి, అందులో సందేహం లేదు. ఇసుకలో దూరం నుంచి కనబడాలి. కానీ నేను ఆడుకునే అక్షరం పెట్టలేదు. నిటారుగా, కొసలు తెగ్గొట్టినట్టు ఉండే లావు పెట్టాను. పిల్లలు ఆ బోర్డును చూసి ఇక్కడ ఐస్‌క్రీమ్ అమ్ముతారని అనుకోకూడదు. అక్షరం మాట చదవకముందే ఒక సైగ చేస్తుంది. చదువు రాని మనిషికి కూడా ఆ సైగ అందుతుంది. బొద్దు అక్షరం చేసే సైగ 'దగ్గరికి రా' అని. 'ఆగు' అని చెప్పాల్సిన చోట అది అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

ఇంకో సంఘటన చెబుతాను. మా వీధిలో ఒక పెద్దాయన పోయారు. దశదినకర్మకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఎక్కడో చేయించారు. చేసినవాళ్లు తొందరలో మునుపటి పుట్టినరోజు ఫైలు తెరిచి, ఫోటో మార్చి, పేరు మార్చి ఇచ్చేశారు. అక్షరాలు మారలేదు. ఆయన భార్య ఆ ఫ్లెక్సీ చూసి, "ఇదేంది నాయనా, ఆయన పేరు చాక్లెట్ కాగితం మీద రాసినట్టు రాశారే," అని ఏడ్చింది. ఆమెకు ఫాంట్ అన్న మాట కూడా తెలియదు. కానీ ఆ అక్షరం ఏం మాట్లాడుతోందో ఆమెకు మనందరి కంటే బాగా తెలిసింది. మీలో ఫ్లెక్సీ పని చేసేవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. పాత ఫైలు తెరిచి పేరు మార్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి అక్షరం కూడా మార్చండి.

మందు సీసా మీద, కోర్టు కాగితం మీద, పరీక్ష పేపర్ మీద కూడా ఇది వద్దు. కారణం మీకే తెలుసు.

మరి ఎక్కడ కావాలి? నెల్లూరు మలై కాజా పొట్లం మీద కావాలి. ఊరగాయ సీసా మీద, అదీ ఇంట్లో పెట్టినదని చెప్పాలంటే. బారసాల పిలుపులో బిడ్డ పేరుకు. బడి వార్షికోత్సవానికి. సంక్రాంతి ముగ్గుల పోటీకి. చెత్తబుట్ట మీద 'నాలో వేయండి' అని రాయడానికి కూడా. చెత్తబుట్ట మీద అధికారం చూపించే అక్షరం పెడితే ఎవరూ దగ్గరికి రారు, ముద్దుగా పిలిస్తే వస్తారు.

అన్నిటికంటే బాగా పనికొచ్చేది అంగన్‌వాడీ గోడ. ఒక ఊళ్లో అలాంటి గోడ మీద రాస్తున్నాను. మామూలుగా పెద్దల కంటికి ఎదురుగా ఆరడుగుల ఎత్తున రాస్తాం. అక్కడి టీచరమ్మ, "పిల్లలకు అందేటట్టు రాయండి," అంది. మూడడుగుల ఎత్తులో, అరచెయ్యంత గీతతో అ, ఆ, ఇ, ఈ రాశాను. రంగు ఆరిన మర్నాడు పిల్లలు వచ్చి అక్షరాల మీద చేతులు పెట్టి నడిపించడం మొదలుపెట్టారు. ఒక పాప 'ఆ'లో దూరి, వంపు వెంట వేలు పెట్టుకుని చుట్టూ తిరిగి, తోక దగ్గర బయటికి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి తిరిగింది. సన్నటి గీత మీద ఆ ప్రయాణం కుదరదు. గీత వెడల్పుగా ఉంటే అది దారి అవుతుంది. అక్షరాన్ని ఏ వరసలో రాయాలో ఆ పాపకు ఎవరూ చెప్పలేదు, దారి చెప్పింది. అందుకే పిల్లల కోసం బొద్దు అక్షరం ఎంచుకునేటప్పుడు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసేలా ఉండాలి. అన్నీ కలిసి ముద్దైపోయిన అక్షరంలో పాప వేలుకు దారి దొరకదు. ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయం పట్టుకుంటే చాలు, ఫాంట్ ఎంచుకోవడం మాకంటే మీకే బాగా వస్తుంది.

పనివాళ్ల కోసం నాలుగు మాటలు త్వరగా చెబుతాను.

రెండు వరసలు పెట్టేటప్పుడు మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. పై వరసలోని వత్తు కింది వరసలోని గుడిని తగలకూడదు. 'స్త్రీ శిశు సంక్షేమం' అని రెండు వరసలు చేసి చూస్తే ఎంత ఎడం కావాలో తెలిసిపోతుంది. మాట మరీ పొడుగైతే అక్షరాలను పక్కకు నొక్కి ఇరికించవద్దు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డ గీతలు లావుగానే ఉంటాయి, గీసినవాళ్ల కష్టమంతా పోతుంది. సైజు తగ్గించండి, లేకపోతే మాట మార్చండి. బాలూ మొదట ఒకే మందంలో వచ్చింది. ఆ తర్వాత బాలూ తమ్ముడు 2 అని ఐదు మందాల్లో వచ్చింది. అందరూ అన్నిటికంటే లావైనదే వాడుతున్నారు. నడిమివి వాడి చూడండి. చిన్న చిన్న లేబుళ్ల మీద అవే బాగుంటాయి.

మనలో చాలామంది ఇంకా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ రాకముందు పద్ధతిలోని అనూ ఫాంట్లతోనే పని చేస్తున్నాం. బాలూ, రామభద్ర లాంటివి యూనికోడ్ ఫాంట్లు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలతో నడిచేవి. పేజ్‌మేకర్‌లో వత్తులు కుదరవు. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పొట్టు పొట్టుగా కనిపిస్తే ఫాంటును తిట్టకండి. సెట్టింగుల్లో టైప్ అన్న చోట దక్షిణాసియా భాషలకు ఉన్న ఎంపిక చేసుకుంటే సర్దుకుంటుంది. ఇక ఖర్చు. నేను చెప్పిన ఈ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. బోర్డుకైనా, పుస్తకానికైనా, అమ్ముకునే డబ్బా మీదైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఫాంటునే విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

తెలుగు మొదటి అచ్చు అక్షరాలు మన నేల మీద పోత పోయలేదు. 18వ శతాబ్దం నడుమ జర్మనీలోని హాలే పట్నంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి, మద్రాసు ప్రెస్సుల మీదుగా, సీసం దిమ్మెల మీదుగా మన దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు ఒంగోలులో ఒక కుర్రవాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫాంటు గీయొచ్చు. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు గీస్తే ఒక రూపం వచ్చేస్తుంది. మనకు గుణింతాలు, వత్తులు కలిపి వందల్లో గీయాలి. అది భయపెట్టే పనే. కానీ మన జిల్లాల్లో గోడలు రాసిన చేతులు ఇంకా ఉన్నాయి. ఆ చేతులు ఫ్లెక్సీల వల్ల పని పోగొట్టుకుని వేరే పనుల్లోకి వెళ్లాయి. వాళ్లు రాసిన పాత గోడలు మీ ఊళ్లో ఎక్కడైనా మిగిలి ఉంటే వెల్ల వేయకముందు ఫోటోలు తీసి పెట్టండి. రేపు తెలుగు బొద్దు ఫాంటు గీసేవాళ్లకు అంతకంటే మంచి నమూనా దొరకదు.

నా మాటలు ఇక చాలు. మీ ప్రతి ఒక్కరి కుర్చీ కింద ఒక పలక, ఒక బలపం ఉన్నాయి, తీసుకోండి. బలపం కొసను ముందు చట్రానికి రుద్ది మొద్దుబార్చండి. పలక నిండా 'అ' రాయండి. చిన్నది వద్దు, పెద్దగా. ఇప్పుడు దాని మీదే దిద్దండి. బయటి వైపు కాస్త, లోపలి వైపు కాస్త. మళ్లీ దిద్దండి. లోపలి ఖాళీ ఇంకొక్క గీతకు పూడిపోతుంది అనిపించగానే బలపం కింద పెట్టి పలక పైకెత్తండి. నేను వరస వరసకూ వచ్చి చూస్తాను.